కొర్రబయలు చలికి ఆగిపోయిన వేప్, కాలిపోయిన మా తమ్ముడి చెయ్యి



కొంచెం పెద్ద పోస్టే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. చలికాలంలో టెంట్ల దగ్గర పనికి వెళ్లే తమ్ముళ్లు, హాస్టల్లో చెల్లెళ్లూ తమ్ముళ్లూ ఉన్న అన్నలు, అక్కలు తప్పకుండా చదవాలి.

మేం నలుగురం. ఒకే ఊరి వాళ్లం, చింతపల్లి వైపు. ఇద్దరం పాడేరులో డిగ్రీ చదువుతున్నాం, ఒకడు విశాఖలో ఐటీఐ, ఇంకొకడు చదువు ఆపేసి ఆటో తోలుతున్నాడు. డిసెంబర్ వచ్చిందంటే శని, ఆదివారాలు లంబసింగి, చెరువులవేనం దగ్గర టెంట్ల పనికి వెళ్తాం. టెంట్లు వెయ్యడం, నీళ్లు మొయ్యడం, రాత్రి మంట వెయ్యడం, తెల్లారుజామున నాలుగింటికి సార్లని లేపి మేఘాలు చూడ్డానికి కొండెక్కించడం, ఇదీ పని. ఆ డబ్బులతోనే పరీక్ష ఫీజులు కట్టుకున్నాం. కాబట్టి ఆ పనిని తక్కువ చేసి మాట్లాడటం లేదు.

లంబసింగికి మనవాళ్ల పేరు కొర్రబయలు. బయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరు వచ్చిందని పెద్దలు చెప్తారు. ఊళ్లకి దిగువన ఉండే వాళ్లకి అది వింత. మనకి చిన్నప్పటి నుంచీ తెలిసిందే. కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది, అడవి తేనె గరిటెకి అంటుకుని జారదు, బండి పది కిక్కులు కొడితే గానీ స్టార్ట్ అవ్వదు, రాత్రి నలభై శాతం ఉన్న ఫోన్ పొద్దున కొండమీద ఫోటో తియ్యబోతే ఆగిపోతుంది. ఇదంతా తెలిసి కూడా ఆ రోజు మేం ఆ తమ్ముడిని ఆపలేకపోయాం. అందుకే ఇది రాస్తున్నాం.

పోయిన జనవరి సంగతి. మాతోపాటు మా ఊరి కుర్రాడు ఒకడు పనికి వచ్చాడు. ఇంటర్ ఫస్టియర్, హాస్టల్లో ఉంటాడు. మమ్మల్ని అన్నా అంటాడు. ఆ తెల్లారుజామున మంచు ఎంత ఉందంటే టెంటు గుడ్డ చేత్తో ముట్టుకుంటే నీళ్లు కారుతున్నాయి. టౌన్ నుంచి వచ్చిన ఒక సార్ జేబులోంచి వేప్ తీసి పీల్చాడు. పొగ రాలేదు. లైటు మిణుకు మిణుకుమంది, ఆగిపోయింది. రెండుసార్లు గట్టిగా పీల్చి దగ్గి, మా తమ్ముడిని పిలిచాడు. "ఒరేయ్ తమ్ముడూ, చలికి పట్టేసినట్టుంది. కాస్త మంట దగ్గర పెట్టి వేడి చేసి పట్రా."

సార్ చెప్పాడు కదా అని వాడు తీసుకెళ్లి నిప్పుల పక్కన రాయి మీద పెట్టాడు. మేం చాయ్ పెడుతున్నాం, చూశాం కూడా. ఏమీ అనలేదు. చేతులు వెచ్చబెట్టుకున్నట్టే కదా అనుకున్నాం. కాసేపటికి ప్లాస్టిక్ వాసన వచ్చింది. వాడు కంగారుపడి చేత్తో తీశాడు. స్‌స్‌మని శబ్దం, తెల్లటి పొగ, తర్వాత టప్‌మని పేలింది. కుడి అరచెయ్యి, రెండు వేళ్లు కాలిపోయాయి.

ఎవరో పేస్టు రాశారు. అది తప్పని తర్వాత ఆస్పత్రిలో చెప్పారు. కాలిన చోట పేస్టు, పసుపు, నూనె ఏవీ రాయకూడదట. మామూలు చల్లటి నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పొయ్యాలి, ఐసు పెట్టకూడదు, ఒళ్లు మాత్రం దుప్పటితో కప్పి ఉంచాలి. ఆ సార్ సారీ చెప్పి, ఒక అయిదొందల నోటు వాడి ఎడమ చేతిలో పెట్టి, మధ్యాహ్నానికి కారెక్కి వెళ్లిపోయాడు.

సాయంత్రం వాడి అమ్మ అడిగింది, ఏం కాలింది అని. ఆమెకి తెలుగు అర్థమవుతుంది గానీ ఇంట్లో మాట కువిలోనే. మాకు కువిలో ఆ వస్తువుకి మాట దొరకలేదు. "సిగరెట్ లాంటిది, కానీ అగ్గి ఉండదు" అన్నాం. "అగ్గి లేకపోతే చెయ్యి ఎలా కాలిందిరా?" అంది. డిగ్రీ చదివే వాళ్లం, జవాబు చెప్పలేకపోయాం. సిగ్గేసింది.

తర్వాత కూర్చుని నేర్చుకున్నాం. మాలో ఒకడిది కెమిస్ట్రీ. అర్థమైనంత వరకు మన భాషలో చెప్తాం.

వేప్ లోపల ముఖ్యంగా ఉండేవి మూడు. ఒక లిథియం బ్యాటరీ, ఒక చిన్న వేడి తీగ అంటే కాయిల్, దాని చుట్టూ లిక్విడ్‌లో తడిసిన దూది. పీల్చగానే బ్యాటరీ తీగని వేడి చేస్తుంది, దూదిలోని లిక్విడ్ ఆవిరవుతుంది. మన దీపం వత్తి నూనె ఎలా లాగుతుందో ఆ దూది కూడా అలాగే లాగుతుంది.

ఆ లిక్విడ్‌లో ఎక్కువ భాగం రెండు పదార్థాలు, ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్. వాటిలో నికోటిన్, వాసన కోసం ఫ్లేవర్లు కలుపుతారు. గ్లైకాల్ పలచన, మన చలికి గడ్డకట్టదు. గ్లిసరిన్ అలా కాదు. 20 డిగ్రీల దగ్గరే నీళ్లకంటే సుమారు 1400 రెట్లు చిక్కన. 0 డిగ్రీలకి వచ్చేసరికి అది ఇంకా చాలా చిక్కబడుతుంది. అంటే చలికాలం తేనె సీసా లాగే. గ్లిసరిన్ ఎక్కువున్న లిక్విడ్ చలికి దూదిలోకి ఎక్కదు. కాయిల్ మాత్రం వేడెక్కుతుంది. తడి లేని దూది మాడుతుంది. ఆ సార్ దగ్గింది అందుకే. మితిమీరి వేడెక్కిన గ్లిసరిన్ నుంచి ఆక్రోలిన్ అనే ఘాటైన విషవాయువు పుడుతుంది. నూనె మాడినప్పుడు కళ్లు మండించేది కూడా అదే.

ఇక బ్యాటరీ. చలికి దాని లోపల రసాయన చర్య మందగిస్తుంది. కాయిల్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగేసరికి వోల్టేజి పడిపోతుంది. లోపలి చిప్ ఛార్జ్ అయిపోయిందనుకుని లైటు కొట్టి ఆపేస్తుంది. నిజానికి ఛార్జ్ ఎక్కడికీ పోలేదు, బయటికి రావట్లేదు అంతే. ఎండెక్కాక అదే మళ్లీ పనిచేస్తుంది. మన ఫోన్లకి జరిగేది కూడా ఇదే. కొండమీద ఫోన్ ఆగిపోతే చొక్కా లోపలి జేబులో కాసేపు పెట్టుకుంటే చాలు. మంట దగ్గర పెట్టొద్దు. మరీ గడ్డకట్టే చలిలో, 0 డిగ్రీల కింద, ఛార్జింగ్ కూడా పెట్టకూడదు. లిథియం లోపల లోహంలా పేరుకుని బ్యాటరీ పాడవుతుంది.

మంట దగ్గర ఏమవుతుందంటే, బ్యాటరీ రెండు ధ్రువాల మధ్య ఒక పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. సుమారు 130 డిగ్రీలకి అది కరుగుతుంది. రెండూ కలిసిపోతాయి, లోపలే వేడి పుట్టి ఇంకా పెరుగుతుంది. లోపలి ద్రవం మండే స్వభావం ఉన్నది. వాయువు చేరి పేలుతుంది. మన నిప్పుల వేడి 130 కంటే ఎంతో ఎక్కువ. అమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు ఇదీ. అగ్గి కనిపించకపోయినా దాని లోపల ఉంది. మనం వెళ్లి బయటి అగ్గిని జత చేశాం.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఈ పోస్టు సగమే ఉండేది.

ఫిబ్రవరిలో వాడి హాస్టల్‌కి వెళ్లాం, కట్టు ఎలా ఉందో చూద్దామని. వాడి బ్యాగులో మందుల చీటీ కోసం వెతుకుతుంటే ఇంకో వేప్ దొరికింది. టెంటు కింద ఎవరో పారేసుకున్నదట. డిసెంబర్ నుంచీ తాగుతున్నాడు. బాత్రూంలో ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి. తెల్లారుజామున చలికి పనిచెయ్యకపోతే రాత్రి చంకలో పెట్టుకుని, దుప్పటి కింద వెచ్చగా ఉంచుకుని పడుకునేవాడట. చెయ్యి కాలాక కూడా అలాగే.

గట్టిగా అడిగితే ఏడ్చాడు. "సిగరెట్ కాదు కదన్నా, మామిడిపండు వాసనే కదా" అన్నాడు. మూణ్ణెల్లుగా దగ్గుతున్నాడు. చలికాలం మన హాస్టళ్లలో దగ్గని పిల్లాడు ఎవడు? ఎవరికీ అనుమానం రాలేదు. మాకూ రాలేదు. చలికి చిక్కబడిన లిక్విడ్‌ని గట్టిగా, లోతుగా, మళ్లీ మళ్లీ పీల్చడం, మాడిన దూది పొగ మింగడం, మళ్లీ దగ్గు. చలి ఆ అలవాటుని ఆపలేదు, దాచిపెట్టింది.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పాలి. రెండేళ్ల క్రితం ఒక సార్ ఇస్తే మేం కూడా తలో రెండు దమ్ములు లాగి చూశాం. నవ్వుకున్నాం. ఆ కుర్రాడు అప్పుడు అక్కడే కట్టెలు సర్దుతున్నాడు. చూశాడు. మేం మర్చిపోయాం, వాడు మర్చిపోలేదు.

"మన తాతలు చుట్ట తాగలేదా, మన అవ్వలు నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగలేదా" అని కొందరంటారు. తాగారు. అడ్డపొగ వల్ల అంగిట్లో పుండ్లు పడి, క్యాన్సర్లు వచ్చాయని డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. అయినా చుట్ట ఘాటుగా ఉంటుంది, పిల్లాడు ఒక దమ్ముకే పారిపోతాడు. ఇది తియ్యగా ఉంటుంది, గొంతు మండదు, వాసన పట్టివ్వదు. అదే దీని ప్రమాదం. నికోటిన్ మాత్రం నికోటినే. పదహారేళ్ల మెదడు ఇంకా తయారవుతూనే ఉంటుంది. అలవాటు తొందరగా పడుతుంది, వదలడం కష్టం.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మన దేశంలో ఈ-సిగరెట్లని 2019లో నిషేధించారు. తయారీ, అమ్మకం, దిగుమతి, రవాణా, నిల్వ, ప్రకటన అన్నీ నేరమే. అమ్మితే, రవాణా చేస్తే మొదటిసారి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నిల్వ ఉంచితే ఆరు నెలల వరకు జైలు, యాభై వేల వరకు జరిమానా, లేదా రెండూ. టెంట్ల దగ్గర "ఈ బాక్స్ నీ దగ్గర ఉంచు తమ్ముడూ, రేపు తీసుకుంటా" అనేవాళ్లున్నారు. గంజాయి విషయంలో మన ఏజెన్సీలో ఏం జరిగిందో మనకి తెలుసు. పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడో ఉంటాడు, మూట మోసినవాడు జైల్లో ఉంటాడు. మోసినవాడు మనవాడే. రెండో మూట మనకి వద్దు.

ఇప్పుడు మేం పాటిస్తున్నవి చెప్తాం. ఎవరి వేప్‌నీ చేత్తో పట్టుకోం, వేడి చెయ్యం, దాచిపెట్టం. "సార్, అది బ్యాటరీ, మంట దగ్గర పేలుతుంది, మా తమ్ముడి చెయ్యి కాలింది" అని మర్యాదగానే చెప్తాం. ఇప్పటిదాకా ఎవరూ ఎదురు చెప్పలేదు. టెంట్లు తీసేటప్పుడు కింద దొరికితే చిన్నపిల్లల చేతికి పోనివ్వం. ఆ లిక్విడ్ చర్మం మీద పడినా నికోటిన్ ఒంట్లోకి ఎక్కుతుంది, పసిపిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. చెత్త మంటలో కూడా వెయ్యం, అందులోనూ బ్యాటరీ ఉంది. ఎవరి చేతికీ అందకుండా పక్కన పెట్టించి, టెంట్ల యజమానికే అప్పగిస్తాం.

మా తమ్ముడి చెయ్యి మానింది. చూపుడు వేలు మాత్రం పూర్తిగా ముడవలేడు. పెన్ను మధ్యవేలితో పట్టుకుని రాయడం నేర్చుకున్నాడు, పరీక్షలు రాశాడు. వేప్ మానేశానంటున్నాడు. మొదటి రెండు వారాలు చిరాకుపడ్డాడు, నిద్ర పట్టలేదన్నాడు. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తున్నాం, తిట్టడానికి కాదు, మాట్లాడటానికి. ఈ పోస్టు వాడికి చదివి వినిపించాకే పెడుతున్నాం. వాడే అన్నాడు, "నా పేరు రాయొద్దన్నా, చెయ్యి సంగతి మాత్రం రాయండి" అని.

మళ్లీ డిసెంబర్ వస్తుంది. మళ్లీ కార్లు కొండెక్కుతాయి. మీ తమ్ముడు ఎవరైనా ఈ ఏడు పనికి వెళ్తుంటే ఇది ముందే చెప్పండి. కువిలో గానీ, ఒడియాలో గానీ, మీ ఇంట్లో ఏ మాట ఉంటే ఆ మాటలో చెప్పండి. దానికి మాట లేకపోతే మేం అమ్మకి చివరికి చెప్పినట్టు చెప్పండి. లోపల అగ్గి దాచుకున్న వస్తువు, ముట్టుకోవద్దు అని.

జై ఆదివాసీ.