మేమూ, మా సైకిలూ

ముందుగా చదువరులకు ఒక మనవి. ఈ వ్యాసంలో అడుగడుగునా "మేము" అని వస్తుంది. అది దర్పం కాదు. ఇరవై నాలుగేళ్ళుగా గుమాస్తాగిరీలో "మేము తెలియజేయునదేమనగా" అంటూ ఉత్తరాలు వ్రాసి వ్రాసి, "నేను" అనే మాట మా కలానికి పట్టుబడకుండా పోయింది. మా ఇంట్లో వాళ్ళు ఇందుకు నవ్వుతారు. మీరూ నవ్వి ఊరుకోండి.

మా కాలి కథ 1999లో మొదలయింది. ఆ యేడు అక్టోబరు 29న వచ్చిన మహా తుపాను దేశమంతా ఎరిగినదే. దానికి పన్నెండు రోజుల ముందు, 17వ తేదీన, గోపాలపురం దగ్గర తీరం దాటిన మరొక తుపానును మా బరంపురం వాళ్ళు తప్ప ఎవరూ అంతగా తలచుకోరు. మాకు మాత్రం మరువ వీలులేదు. ఆ తుపానులో మా పెరటి గోడ కూలి కుడి మోకాలి మీద పడింది. అప్పటికి మాకు ఇరవై ఒక్క యేళ్ళు.

ఒడియాలో "గోడొ" అంటే కాలు అని మన వాళ్ళకు చెప్పనక్కరలేదు. ఆసుపత్రిలో ఒడియా మిత్రుడొకరు "ఏమయింది?" అని అడిగితే, "గోడొ మీద గోడ పడింది" అన్నాము. అంత నొప్పిలోనూ అతడు నవ్వితే మేమూ నవ్వాము. రెండు భాషల మధ్య పుట్టి పెరిగినందుకు ఆ మాత్రం లాభం ఉండాలి గదా!

ఎముక అతుక్కున్నది గాని కీలు మునుపటిలాగ కాలేదు. కీలులోని మృదులాస్థి ఒకసారి దెబ్బ తింటే తిరిగి మొలవదట. ఏళ్ళ తరబడి అరిగి అరిగి, ఎముక మీద ఎముక రాసుకొనే దాకా వచ్చింది. అయినా సైకిలు మానలేదు. ఇంటి నుంచి ఆఫీసు రెండున్నర మైళ్ళు. నడిస్తే కుంటు, తొక్కితే కుంటు కనబడదు. సైకిలు మీద ఉన్నంతసేపూ మేమూ అందరిలాంటి మనుష్యులమే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాము.

2024 నాటికి మెట్లెక్కటం కూడా కష్టమయింది. నలభై ఆరేళ్ళకే మోకాలు మార్చటమా అని డాక్టరుగారు కూడా కొంత తటపటాయించారు. చిన్న వయస్సులో మారిస్తే, అది అరిగాక ఇంకొకసారి మార్చవలసి వస్తుందేమోనని వారి శంక. కాని వేరు దారి లేదు. ఆగస్టు నెలలో శస్త్రచికిత్స జరిగింది.

మోకాలు మార్చటమంటే కాలు తీసి కాలు పెట్టటం కాదు. తొడ ఎముక చివర అరిగిన భాగం చెక్కి, దానికి కోబాల్టు, క్రోమియం కలిసిన లోహపు తొడుగు వేస్తారు. కింది ఎముక తలమీద ఒక లోహపు పళ్ళెం అమరుస్తారు. రెండింటి మధ్య గట్టి ప్లాస్టిక్కు బిళ్ళ ఒకటి. ఈ పద్ధతి మరీ పాతది కాదు. నేటి మోకాళ్ళకు మూలమైన నమూనాను 1974లో న్యూయార్కులో జాన్ ఇన్‌సాల్ అనే వైద్యుడు, ఆయన తోటివారూ వాడుకలోకి తెచ్చారు. మన దేశంలో 2017 ఆగస్టులో ప్రభుత్వం వీటి ధరకు కట్టు వేసి, ఎక్కువగా వాడే రకానికి పన్ను కాక 54,720 రూపాయలు అని నిర్ణయించింది. ఆ కట్టు పడ్డాకనే మాబోటి వాళ్ళు దీన్ని తలపెట్టగలిగారని మా అభిప్రాయం. మిగిలిన ఖర్చుకు ప్రావిడెంటు ఫండు ఉండనే ఉంది.

మా అమ్మ అంతా విని, "ఇనప మోకాలంటున్నారు, వానలో తడిస్తే తుప్పు పట్టదా నాయనా?" అన్నది. పట్టదని చెబితే నమ్మలేదు. ఇప్పటికీ వాన వస్తే ముందు మా కాలు కేసి చూస్తుంది.

ఆపరేషను అయిన మర్నాడే నాలుగు కాళ్ళ ఊతకర్ర ఇచ్చి నడిపించారు. ఆ తరువాత ఇంట్లో గోడ పట్టుకొని నడక. గోడ వల్ల చెడిన కాలికి గోడే దిక్కయింది. రోజుకు మూడు పూటలు వ్యాయామం: పాదం పైకీ కిందికీ ఆడించటం, మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి మోకాలిని పక్కకేసి అదమటం, మడమను పక్క మీద ఈడ్చుకొంటూ కాలు ముడవటం. ముడిచేటప్పుడు కంట నీళ్ళు తిరిగేవి. ఆ తరువాత మంచు సంచి.

వ్యాయామాలు చేయించటానికి ఒడియా అమ్మాయి ఒకతె ఉండేది. కోణమానిని వంటి పనిముట్టును మోకాలికి ఆనించి ఎంత వంగిందో కొలిచేది. మెట్రిక్కులేషన్‌లో రేఖాగణితం చదివినది ఎందుకైనా పనికొస్తుందా అనుకొనేవాళ్ళము, పనికొచ్చింది. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? ఒక రిజిస్టరు తెరిచి, తేదీ, కోణం, వ్యాఖ్య అని మూడు గడులు గీశాము. పదోనాడు 70 డిగ్రీలు. మూడు వారాలకు 90. కుర్చీలోంచి సుఖంగా లేవాలంటే 90 దాటాలి. సైకిలు తొక్కు పూర్తిగా ఒక చుట్టు తిరగాలంటే 105 నుంచి 110 దాకా కావాలి. ఆ సంఖ్యను రిజిస్టరు అట్ట మీద ఎర్రసిరాతో వ్రాసుకొన్నాము.

ఆ అమ్మాయి గదిలో కదలని సైకిలు ఒకటి ఉన్నది. నాలుగో వారంలో దానిమీద కూర్చోబెట్టింది. మేము ఉత్సాహంగా ముందుకు తొక్కబోతే, "పఛకు ఆజ్ఞా, పఛకు" అన్నది. అంటే వెనక్కు తొక్కమని. వెనక్కు తిప్పటమే ముందు సులువట. అదీ పూర్తి చుట్టు కాదు. గోడగడియారం లోలకం లాగా సగం ముందుకు, సగం వెనక్కు. పైకి వచ్చేసరికి మోకాలు "ఇక వంగను" అనేది. మేము ఆగేవాళ్ళము. మళ్ళీ వెనక్కు. ఇట్లా రెండు వారాలు. ఆరో వారంలో ఒకనాడు తొక్కు వెనక్కు పోతూ పోతూ, ఎప్పుడు పైకి ఎక్కి దిగిందో తెలియలేదు, పూర్తిగా ఒక చుట్టు తిరిగింది. రిజిస్టరులో "108. చుట్టు అయినది" అని వ్రాసి సంతకం కూడా చేశాము.

ఇక్కడే మా బుద్ధి గడ్డి తిన్నది. డాక్టరుగారు ముందే చెప్పారు: "తొక్కటం కీలుకు మంచిదే. గంతులూ పరుగులూ వద్దు. రోడ్డు మీది సైకిలు మాత్రం మూడు నెలలు దాటాక, నేను చూసి చెప్పాక. పడితే, లోహం అమర్చిన చోట ఎముక విరిగితే, అది మొదటిదాని కంటె పెద్ద పని." విన్నాము. తల ఊపాము. ఏడో వారంలో ఒక తెల్లవారుజామున, మా ఆవిడ "మందుల దుకాణానికి వెళ్ళొస్తా"నని బయలుదేరగానే, పాత సైకిలు వీధిలోకి తెచ్చాము.

ఎక్కటం బాగానే అయింది. మా వీధిలో ఇళ్ళకు ఇంకా పాతకాలపు అరుగులున్నాయి. అరుగు మీదనుంచి మెల్లగా కూర్చున్నాము. నాలుగు గజాలు కదిలాము కూడా. ఆ నాలుగు గజాలూ, ఏం చెప్పమంటారు, ఇరవై ఐదేళ్ళు వెనక్కు పోయినట్లయింది. అప్పుడు గుర్తు వచ్చింది, దిగటం ఎట్లాగో ఆలోచించలేదని. మగవాళ్ళ సైకిలు, మధ్య ఎత్తు కమ్మీ. దిగాలంటే కుడి కాలు ముడిచి సీటు వెనుకనుంచి తిప్పి తేవాలి. ఆ కాలు రాదు. అదృష్టవశాత్తు ఎదురింటి గోడ అందింది. ఒక చేత్తో గోడ, ఒక చేత్తో హేండిలు పట్టుకొని నిలుచున్నాము. పిలుద్దామంటే వీధి నిద్ర లేవలేదు. లేస్తే అంతకంటె సిగ్గు.

వీధి మలుపులో గంట మ్రోగింది. మా అమ్మాయి కాలేజీకి వెళ్ళే ఆడపిల్లల సైకిలు. దానిమీద వస్తున్నది మా అమ్మాయి కాదు. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకొని, బుట్టలో మందుల సంచి పెట్టుకొని, మా ఆవిడ!

ఆమె మమ్మల్ని చూసింది. మేము ఆమెను చూశాము. ఇద్దరిలో ఎవరు ఎక్కువ తెల్లబోయారో ఇంతవరకూ తేలలేదు.

ఇక్కడ పాత ఫైలు ఒకటి తెరవాలి. 2003లో, పెండ్లయిన కొత్తలో, "నాకు సైకిలు నేర్పుతారా?" అని ఆమె అడిగింది. మేము నవ్వి, "నలుగురూ నవ్వుతారు" అన్నాము. ఆమె మళ్ళీ అడగలేదు. మేమూ మరచిపోయాము. ఇరవై ఒక్క సంవత్సరాలు ఎక్కడికి వెళ్ళినా నడిచిందో, ఆటోకు డబ్బులిచ్చిందో, మా వెనుక క్యారియరు మీద కూర్చుందో. మేము మంచాన ఉన్న ఆ నెలలో రోజూ మందులకూ, మంచుకూ, బ్యాంకుకూ ఆటో ఖర్చు భరించలేక, మా అమ్మాయి చేత మైదానంలో తెల్లవారుజామున నేర్పించుకొన్నదట. రెండుసార్లు పడిందట. మోచేతి గీతలను వంటింటి గాయాలని చెప్పింది. మేము నమ్మాము.

ఆమె సైకిలు అరుగుకు ఆనించి వచ్చి, మా సైకిలును ఒరగకుండా పట్టుకొని, "భుజం మీద చెయ్యి వెయ్యండి, దిగండి" అన్నది. దిగాము. కోపపడుతుందనుకొన్నాము. ఇంట్లోకి వచ్చాక, కాఫీ ఇస్తూ మెల్లగా అన్నది:

"నెల రోజులుగా తొక్కుతున్నానండీ. వీధిలో ఎవరూ నవ్వలేదు. నవ్వింది మీరొక్కరే, అప్పుడు."

ఆ మాటకు జవాబు వ్రాయటం ఏ ఆఫీసులోనూ నేర్పరు. "తప్పయింది" అన్నాము. చిన్నమాటే. ఇరవై ఒక్క సంవత్సరాలు ఆలస్యమయింది. ఆమె "కాఫీ చల్లారిపోతుంది" అన్నది.

తరువాత డాక్టరుగారి దగ్గరకు వెళ్ళి జరిగినదంతా ఆమే చెప్పింది. వారు మమ్మల్ని తిట్టిన తిట్లు ఇక్కడ అచ్చు వేయించలేము. మూడు నెలలూ నిండి, వారు చూసి సరే అన్నాకనే మళ్ళీ రోడ్డెక్కాము. ఈసారి ఎక్కింది ఆడపిల్లల సైకిలే. మధ్యలో కమ్మీ లేదు. అడుగు తీసి అవతల పెడితే చాలు. సీటు తగ్గిస్తే నేల అందుతుంది గాని మోకాలు ఎక్కువ వంగాలి. పెంచితే మోకాలికి సుఖం, నేల అందదు. చివరికి మునివేళ్ళు నేలకు ఆనేంత ఎత్తులో కుదిరింది. రామలింగం చెరువు ప్రక్కన, ఎండ రాకముందు, ఆమె వెనుక క్యారియరు పట్టుకొని నడుస్తుంటే తొక్కాము. ఒకప్పుడు ఆమె కూర్చున్న క్యారియరు లాంటిదే అది. ఎప్పుడు వదిలేసిందో చెప్పలేదు. తిరిగి చూస్తే చాలా దూరంలో నిలబడి ఉన్నది.

అన్నీ తిరిగి రాలేదు. నేలమీద బాసింపట్టు వేసి కూర్చోలేము. సత్యనారాయణ వ్రతానికి పీట బదులు కుర్చీ. ఎక్కువసేపు కూర్చుని లేస్తే కాలు బిగుస్తుంది. నడిస్తే ఒక్కొక్కసారి లోపల టక్కుమంటుంది. కోణం 118 దగ్గర ఆగిపోయింది. అది చాలు. మాలాగే కాలు బాగుచేయించుకొని సైకిలు మీద ఆశ ఉన్నవారికి మా అనుభవం ఇంతే: డాక్టరును అడగండి, వెనక్కు తొక్కటానికి సిగ్గుపడకండి, ఎక్కేముందు దిగటం ఆలోచించండి, మగ సైకిలు ఆడ సైకిలు అని చూడకండి.

2025 జనవరిలో, కమ్మీ లేని సైకిలు ఇంకొకటి కొని, దానిమీద ఆఫీసుకు వెళ్ళాము. అక్కడ మాతో కలిపి ఐదుగురము. సైకిలు చూసి ముగ్గురు నవ్వారు. నాలుగో ఆయన సెలవులో ఉన్నారు. మర్నాడు వచ్చి ఆయన కూడా నవ్వారు. నలుగురూ నవ్వటం అయిపోయింది. ఐదో నాటికి ఎవరి పని వారిది.

పాత సైకిలు పెరట్లో కొత్త గోడకు ఆనించి ఉన్నది. అమ్మటానికి మనసొప్పలేదు. ఆదివారాలు చెరువు దాకా మేమిద్దరమూ రెండు సైకిళ్ళ మీద వెళతాము. ఆమె కొంచెం ముందు ఉంటుంది, మలుపుల్లో గంట కొడుతుంది. రిజిస్టరులో ఇప్పుడు కోణం గడి ఖాళీ. వ్యాఖ్య గడిలో మాత్రం వ్రాస్తున్నాము: "చెరువు దాకా వెళ్ళి వచ్చితిమి." ఇందులోని "మేము" ఆఫీసు మేము కాదు.