గంగాళం మీద గుంట

నవంబరులో వియత్నాంలోని హ్యూ వెళ్ళడం మా తప్పే. దిగిన దగ్గర్నుంచీ వాన. కుంభవృష్టి అయినా బాగుండేది, కురిసి వెలిసేది. ఇది రెండు రోజులూ సన్నగా పడుతూనే ఉంది. కోట బయట పల్చటి ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు కొనుక్కుని, హోటల్ వాడు కట్టిచ్చిన సాంబారు పొట్లాల్లా ఇద్దరం న్గో మోన్ ద్వారం ముందు నిలబడ్డాం.

1802 నుంచి 1945 దాకా న్గుయెన్ వంశపు చక్రవర్తులు పదముగ్గురికి ఈ ఊరే రాజధాని. చివరి అరవై ఏళ్ళూ ఫ్రెంచివాళ్ళ కనుసన్నల్లోనే లెండి. 1945 ఆగస్టు 30న చివరి చక్రవర్తి బావో దాయ్ సింహాసనం వదులుకుని రాజముద్ర, ఖడ్గం అప్పగించింది ఈ ద్వారం దగ్గరే. నడిమి వాకిలి ఒకప్పుడు చక్రవర్తికొక్కడికే. మేం పక్కదారిన వెళ్ళాం.

సింహాసన మంటపం, ఎర్ర స్తంభాలు, బంగారు డ్రాగన్లు చూశాం. వెనక జనం తోస్తే బయటపడ్డాం.

"ఏమండీ, రాణులుండే చోటెక్కడ?" అంది మా ఆవిడ.

మ్యాపు చూసి ఎదురుగా ఉన్న పచ్చిక చూపించాను. అంతఃపురం 1947లో చాలామటుకు కాలిపోయింది. మిగిలినదాని సంగతి వియత్నాం యుద్ధంలో 1968 నాటి టెట్ పోరు చూసుకుంది. ఈమధ్య కొన్ని మళ్ళీ లేపారు గానీ, నాకు ఆ గడ్డే నిజమనిపించింది.

వంశ దేవాలయం ముందు తొమ్మిది కంచు గంగాళాలున్నాయి. 1835-37 మధ్య చక్రవర్తి మిన్ మాంగ్ పోత పోయించినవి. మూడు కాళ్ళు, రెండు చెవులు. కాస్త ముందుకు జరిగి నిలబడ్డది వంశకర్త జా లాంగ్‌ది, రెండున్నర టన్నుల పైమాట. దాని చుట్టూ చెక్కడాలు: సూర్యుడు, పులి, వరి, పనస, చివరికి ఉల్లికాడ కూడా! ఒక ఫిరంగి కూడా ఉంది. ఇంకో గంగాళం మీద చెక్కడాల మధ్య నున్నటి గుంట. అదేం బొమ్మో అర్థంకాక వంగి చూస్తుంటే, అక్కడున్న ఒక గైడమ్మాయి "తూటా" అన్నట్టు వేళ్ళతో తుపాకీ పేల్చి చూపించింది. గుంటలోంచి వాన నీరు సన్నటి చారగా కారుతోంది.

ఆకలేసి బయటికొస్తే ఒక బోర్డు మీద ఇంగ్లిషు అక్షరాల్లో 'చాయ్'. మా ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. తీరా కూర్చున్నాక అన్నం, టోఫు, పుట్టగొడుగులు వచ్చాయి. వాళ్ళ భాషలో చాయ్ అంటే శాకాహారం. బౌద్ధుల ఊరు, పున్నమికీ, నెల మొదటి రోజుకీ చాలామంది మాంసం ముట్టరు. భోజనం కమ్మగా ఉంది. టీ కూడా ఇచ్చారు, పాలు లేకుండా.