కంప్యూటరు గడపకో ముగ్గు

కంప్యూటరు మాట కనబడగానే పేజీ తిప్పేసి పచ్చళ్ల శీర్షికలోకి వెళ్లిపోకండి! తెల్లవారుజామునే వాకిట్లో ముగ్గు పెట్టే చేతికి ఈ పని కూడా వస్తుందని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా పామర్రులో మా తోడికోడలు టైలరింగ్ షాపు నడుపుతుంది. మా మరిది పోయి మూడేళ్లయింది. కొలతలు, అడ్వాన్సులు, రావలసిన బాకీలు అన్నీ అతనే కంప్యూటర్లో ఎక్కించేవాడు. అతను పోయాక తను మళ్లీ నోటుపుస్తకంలో పడింది. పాత బాకీ ఎవరిది ఎంతో తేలదు, తేలందే నోరు తెరిచి అడగలేదు. కంప్యూటరు తెరిచి చూడవే అంటే, "ఏది నొక్కితే ఏం పోతుందో, దాని జోలికి నేను పోనక్కా" అనేది.

పైగా అది పాతది. విండోస్ 10కి మైక్రోసాఫ్టు ఇచ్చే మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. కొత్త విండోస్ అందులో ఎక్కదు. "పాత ఇనుముకి వేసెయ్యండి" అన్నాడు రిపేరుకొచ్చిన అబ్బాయి. ఇంజనీరింగు చదువుతున్న మా మేనకోడలు మాత్రం లెక్కల ఫైళ్లన్నీ ముందు పెన్‌డ్రైవులోకి తీసి, డెబియన్ ఎక్కించింది. అది 1993లో మొదలైన లినక్సు రకం. కొనక్కర్లేదు. దాన్ని ఎలా రాశారో ఎవరైనా చూడొచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు, మరొకరికి ఇవ్వొచ్చు. 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థవాళ్లు లినక్సును తెలుగులోకి తేగలిగింది కూడా ఈ వెసులుబాటుతోనే.

అంతా బాగానే ఉంది గానీ, మా తోడికోడలు దగ్గరికే రాలేదండీ. స్విచ్చి వేయగానే నల్లటి తెర మీద ఇంగ్లీషు ముక్కలేవో మెరిసి మాయమయ్యేవి. "చూశావా, ఏదో తిడుతోంది" అని వెనక్కి జరిగేది. డిస్కు బాగుంది, ఫలానాది మొదలైంది అని యంత్రం తనలో తాను చెప్పుకునే మాటలవి.

మాకు పక్కనే కూచిపూడి. భామాకలాపంలో సత్యభామ రాగానే ముఖం చూపించదు. తెర వెనక నిలబడి, జడ మాత్రం తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. జనం ఆ జడ చూస్తూ కూర్చుంటారు. కంప్యూటరు సిద్ధమయ్యేలోపు కనిపించే బొమ్మ కూడా అలాంటిదే. దాన్నే బూట్ స్ప్లాష్ అంటారు. లినక్సులో ఆ తెర పట్టేది ప్లిమత్ అనే ప్రోగ్రాము, 2008లో ఫెడోరా 10తో వచ్చింది. ఆ బొమ్మ మనదే పెట్టుకుంటే? మా మేనకోడలికి ఆ ఆలోచన వచ్చింది.

కావలసినవి ఓ బొమ్మ, కాస్త ఓపిక. మా తోడికోడలి చేత నల్ల చార్టు మీద సుద్దముక్కతో చుక్కల ముగ్గు వేయించాం. ఫోనుతో ఫొటో తీసి, పీఎన్‌జీ రకంగా మార్చాం. కింద ఏం రాయాలంటే, తలుపు కొట్టినవాళ్లతో అనే మాటే చెప్పింది: "ఉండండుండండి, వస్తున్నా!" అక్షరాలు మండలి ఫాంటువి. మన దివిసీమ మండలి వెంకట కృష్ణారావుగారి పేరు మీద సిలికానాంధ్ర ఉచితంగా అందించిన ఫాంటది.

ఇక చేసే విధానం. ప్లిమత్-థీమ్స్ ప్యాకేజీ ఎక్కించుకోండి. అందులో స్పిన్నర్ అనే ఫోల్డరును కాపీ తీసి మీకు నచ్చిన పేరు పెట్టండి. అసలుదాన్ని ముట్టుకోవద్దు. కాపీలోని ప్లిమత్ ఫైలుకీ అదే పేరు పెట్టి, అందులో బొమ్మలుండే చోటు మార్చి రాయాలి. మీ బొమ్మను వాటర్‌మార్క్ అనే పేరుతో అక్కడుంచాలి. తర్వాత ప్లిమత్-సెట్-డిఫాల్ట్-థీమ్ అనే కమాండు. దానికి మైనస్, పెద్ద ఆర్ చేర్చడం మరవకండి. అసలు డిస్కు తెరుచుకోకముందే యంత్రం విప్పుకునే చిన్న మూట ఒకటుంటుంది. బొమ్మను ఆ మూటలో సర్దేది ఆ ఆర్ అక్షరమే. చివరగా గ్రబ్ సెట్టింగుల్లో క్వయెట్, స్ప్లాష్ అనే రెండు మాటలూ ఉండేలా చూసి, అప్‌డేట్-గ్రబ్ నడిపితే సరి.

ఒక జాగ్రత్త. బొమ్మ వెనక ఆ ఇంగ్లీషు వరసలు దాగుంటాయి, ఏదైనా చెడితే ఆ కబురూ దాగుతుంది. కంప్యూటరు ముగ్గు దగ్గరే ఆగిపోతే ఎస్కేప్ మీట నొక్కండి, తెర తొలగుతుంది. కనిపించినదాన్ని ఫొటో తీసి తెలిసినవాళ్లకి చూపించండి.

మర్నాడు మా తోడికోడలే స్విచ్చి వేసింది. తన ముగ్గు చూసి, "ఆ మూల చుక్క వంకర పోయిందక్కా" అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది! ఆ వారంలోనే లిబ్రేఆఫీసులో పాత ఫైలు తెరిచి, మా మరిది ఎక్కించిన బాకీలన్నీ వరసగా కాగితం మీద దింపుకుంది. ముగ్గు బొమ్మ లెక్కలు నేర్పదు లెండి, అవి ఇంకా నేర్చుకుంటూనే ఉంది. కానీ ఇప్పుడు ముట్టుకోవడానికి ఎవర్నీ అడగడం లేదు.

మీ ఇంట్లోనూ మూలన పడేసిన కంప్యూటరుంటే, పాత సామాన్లవాడిని పిలిచే ముందు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇది ప్రయత్నించండి. లోపలున్న ఫొటోలూ లెక్కలూ మాత్రం మొదటే వేరే చోట భద్రపరచుకోండి సుమా!