దొరికినా చేరని లేఖలు

కోరుట్ల, జగిత్యాల ప్రాంతపు ప్రొటెస్టెంటు సంఘాలు చదివే బైబిల్‌లో 66 పుస్తకాలు, కాథలిక్కుల బైబిల్‌లో 73 ఉన్నప్పటికీ, రెండింటి కొత్త నిబంధనలోనూ 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ ఈస్టర్ లేఖలో పేర్కొన్న 27 గ్రంథాలే కానన్‌గా, అంటే సంఘం ప్రామాణికమని అంగీకరించిన పట్టికగా, నిలిచాయి. మొదటి శతాబ్దం చివర రోము సంఘం కొరింథు సంఘానికి రాసిన క్లెమెంతు పత్రికను (పత్రిక అంటే ఇక్కడ లేఖ) అక్కడ రెండో శతాబ్దంలో ఆరాధనలోనే చదివేవారు. తర్వాత మరుగునపడి, 5వ శతాబ్దపు అలెగ్జాండ్రినస్ రాతప్రతి ద్వారా బయటపడి 1633లో అచ్చయినా, అది పట్టికకెక్కలేదు. ప్రాచీనత ఒక్కటే చాలదు, అపొస్తలుల సంబంధంతో పాటు సంఘాలన్నీ తరతరాలుగా చదివిన వాడుక కూడా ఉండాలి. కొలస్సయులకు 4:16లో ప్రస్తావించిన లవొదికయ పత్రిక (ఆ పేరుతో చెలామణీ అయిన లాటిన్ లేఖ కాదు, అది కల్పితం) రేపు ఏ ఇసుక దిబ్బలోనో దొరికితే పండితులు పండగ చేసుకుంటారు గానీ, దాన్ని అన్ని శాఖల తరఫున బైబిల్‌లో చేర్చగల ఉమ్మడి సభ ఏదీ నేడు లేదు.