మెదక్ చర్చి గవాక్షములు

మాది బాలాపూర్ గ్రామము. మా నాయన తాపీపని చేయుచుండిరి. నేను ఎనిమిదవ తరగతిలో నుండగా, తోటివారు తమ తండ్రుల ఉద్యోగములను గూర్చి చెప్పుకొనునప్పుడు తల వంచుకొని యుండెడివాడను. ఒకనాడు నాయన సున్నపు మరకల బట్టలతోనే బడికి వచ్చిరి. ఆయన యెవరని యొకడు నన్నడుగగా, “మా పొరుగింటివాడు” అని బొంకితిని. నాయన ఆ మాట వినిరి, ఏమియు ననలేదు.

ఆ దసరా సెలవులలో ఆయన నన్ను మెదక్ చర్చి చూపింప గొనిపోయిరి. మేము చేరునప్పటికి ప్రొద్దు గ్రుంకినది. వెలుపలనుండి చూడగా పెద్ద గవాక్షములు నల్లని పలకలవలె కనబడెను.

“వీనికొరకా ఇంతదూరము వచ్చితిమి?” అంటిని.

“తెల్లవారనీ, బిడ్డా” అని నాయన నవ్విరి.

మరునాటి యుదయమున లోపల అడుగిడినంతనే నిశ్చేష్టుడనైతిని. వేదికకు పైభాగమున క్రీస్తు ఆరోహణము, మరి రెండు గవాక్షములలో ఆయన జననము, సిలువ మరణము రంగురంగులుగా వెలుగుచుండెను. వీనిని ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించెను. ఇవి క్రమముగా 1927, 1947, 1958 సంవత్సరములలో అమర్పబడినవి. కరిగిన గాజులో కోబాల్టు కలిపినచో నీలము, రాగి కలిపినచో ఆకుపచ్చ కలుగును. ఆ గాజు ముక్కలపై ముఖములను, వస్త్రముల ముడుతలను చిత్రించి, కొలిమిలో కాల్చి, సీసపు పట్టీలతో కూర్చెదరు. వెనుకనుండి వెలుగు సోకిననే బొమ్మ కనబడును.

నాయన గవాక్షములవైపు చూడనేలేదు. ఒక రాతిస్తంభముపై అరచేయి యుంచి, రాళ్ల అతుకులను తడుముచుండిరి. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అను మిషనరీ 1914లో ఈ కట్టడము నారంభించెను. అవి కరవు దినములు. ఆకలిగొన్న పల్లెవాసులకు ఈ పనియే కూడు పెట్టినది. 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. ఆలయము పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు.

“బిడ్డా, బొమ్మలు వ్రాసినవాని పేరు అందరును చెప్పుదురు. ఈ రాళ్లెత్తినవారి పేర్లు ఎవరికిని తెలియవు. అయినను, గోడ నిలిచిననే గదా గాజు నిలుచును!” అనిరి నాయన.

నాకు కన్నీరాగలేదు. ఆయన ఎందులకని అడుగక, భుజముపై చేయి వేసిరి. ఆ చేతి గరుకుదనము చొక్కాలోనుండి నాకు తెలిసినది.

సెలవులు ముగిసిన పిదప నాయనను బలవంతముగా బడి వాకిలివరకు తీసికొనిపోయితిని. ఆనాడు ప్రశ్న వేసిన సహపాఠియే ఎదురుపడెను.

“మా నాయన. తాపీమేస్త్రీ” అని, అతడు అడుగకమునుపే చెప్పితిని.