ఓడల ఆసుపత్రి... కోరంగి!

కోరంగి అంటే ఇప్పుడు మడ అడవులే గుర్తొస్తాయి. చెక్క వంతెన మీద నడక, పడవ షికారు... కానీ రెండు వందల ఏళ్ల కిందట ఈ ఊరి పేరు వింటే నావికులకు ప్రాణం లేచొచ్చేది. కలకత్తా నుంచి శ్రీలంకలోని ట్రింకోమలీ దాకా పెద్ద ఓడల్ని నీళ్లలోంచి తీసి బాగుచేసే చోటు ఇదొక్కటే మరి!

చెక్క ఓడకు తుపానుతో పాటు మరో శత్రువు ఉంది... ఓడపురుగు. పేరుకే పురుగు, నిజానికి అది ఆల్చిప్పల జాతి జీవి. సన్నటి రంధ్రం చేసుకుని దూరి, లోపల్లోపలే చెక్కను తొలిచేస్తుంది. పైకి ఏమీ తెలీదు. అందుకే అప్పుడప్పుడూ ఓడ అడుగుభాగాన్ని పరీక్షించాల్సిందే.

అంత బరువును ఒడ్డుకు చేర్చేదెలా? ఆ పని సముద్రపు పోటు చేసిపెట్టేది. అమావాస్యకో పున్నమికో పెద్ద పోటు రాగానే, ఏటి ఒడ్డున బురదలో తవ్విన గుంటలోకి ఓడను లాగేవారు. నోటికి మట్టికట్ట వేసి నీళ్లు తోడేసేవారు. 1802లో ఇక్కడ డాక్ కూడా కట్టారు.

ఇక వైద్యం మొదలు. ముందు నాచూ గుల్లలూ గీకేయాలి. తర్వాత పలకల్ని సుత్తితో తట్టి చూడాలి. ఖంగుమంటే చేవ ఉన్నట్టు, డొల్లగా మోగితే పుచ్చినట్టు. పుచ్చినదాన్ని తీసేసి కొత్త టేకు పలక బిగించాలి. సందుల్లో పీచు కూరి, గుగ్గిలం కలిపిన నూనె పూయాలి. 18వ శతాబ్దం చివరికి, పురుగు దూరకుండా రాగి రేకులు తొడగడమూ మొదలైంది. ఒక్క సందు వదిలేసినా నడిసముద్రంలో అందరి ప్రాణాలకూ ముప్పే! ఓడ గట్టిదనం సరుకు యజమానులకూ ముఖ్యమే. లండన్‌లో లాయిడ్స్ రిజిస్టర్ 1764 నాటికే ఓడలకు ఎ, ఇ, ఐ, ఓ, యు అంటూ అక్షరాలతో మార్కులేసేది.

ఓడలకు పరుపుగా మారిన ఆ బురదే చివరికి కోరంగి కొంప ముంచింది. గోదారి తెచ్చిన మేటతో ఏటి ముఖద్వారం పూడిపోయింది. 1789, 1839ల్లో విరుచుకుపడ్డ ఉప్పెనలు ఊరిని అతలాకుతలం చేశాయి. వ్యాపారం కాకినాడకు తరలింది. ఆపై ఇనుప ఆవిరి ఓడలు రావడంతో చెక్క ఓడల వైద్యులకు పనే తగ్గిపోయింది. కోరంగి పేరు మాత్రం సముద్రం దాటింది... బతుకుతెరువుకు బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ 'కోరంగీలు' అనేవారు!

కాకినాడ నుంచి యానాం దారిలో సుమారు 20 కిలోమీటర్లు వెళ్తే కోరంగి. 1978లో ఇక్కడి మడ అడవుల్ని అభయారణ్యంగా ప్రకటించారు. ఈసారి పిల్లలతో వెళ్తే ఏటి గట్టున కాసేపు ఆగండి. సముద్రాలు దాటొచ్చిన ఓడలు ఒకప్పుడు సేదతీరింది ఆ బురదలోనే!