మన ఎండలకు చిక్కటి ఆయిలే పోయాలా?



ఎండలు ముదురుతున్నాయి. సెలవులకు ఊళ్లు బయల్దేరే ముందు బండిని సర్వీసింగ్‌కి ఇచ్చే రోజులివి. అందుకేనేమో, ఈసారి మీలో చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. బండితో వచ్చిన పుస్తకంలో పల్చటి ఇంజిన్ ఆయిల్ రాసి ఉంది, మెకానిక్ చిక్కటిదే పోయాలంటున్నాడు, ఎవరి మాట వినాలి అని. పుస్తకం మాటే వినండి.

శంషాబాద్ చుట్టుపక్కల షెడ్లలో ఈ మాట తరచూ వినబడుతుంది. "గది నీళ్ల లెక్కుంటది సార్. మన ఎండలకు ఆగదు. ట్వంటీ ఫిఫ్టీ పోద్దాం, ఇంజిన్ గట్టిగుంటది" అంటారు. మోసం చేయాలని అనే మాట కాదది. అంబాసిడర్లు, పాత జీపులు విప్పి బిగించిన అనుభవంలోంచి వచ్చింది. ఆ ఇంజిన్లలో భాగాల మధ్య సందులు ఎక్కువ, వాటికి చిక్కటి ఆయిలే సరిపోయేది. ఇప్పటి ఇంజిన్లు వేరు.

డబ్బా మీది అంకెల సంగతి చూద్దాం. ఈ గ్రేడులు అమెరికాలోని ఎస్‌ఏఈ అనే ఇంజినీర్ల సంఘం పెట్టినవి, 1911లో మొదలయ్యాయి. 5డబ్ల్యూ-30 అన్నప్పుడు ముందున్న అంకె చలి సంగతి చెబుతుంది. 5డబ్ల్యూ రకం మైనస్ 30 డిగ్రీల చలిలోనూ ఇంజిన్‌ని తిరగనివ్వాలి, 20డబ్ల్యూ రకం మైనస్ 15 వరకు తిరగనిస్తే చాలు. హైదరాబాద్‌లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతే 6.1 డిగ్రీలు, అదీ 1946లో. కాబట్టి చలికి ఏ ఆయిలూ మన దగ్గర గడ్డకట్టదు. వెనకున్న అంకె వేడిలో చిక్కదనం. 100 డిగ్రీల దగ్గర కొలిస్తే 30 గ్రేడు 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే ప్రమాణం) మధ్య, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 మధ్య, 50 గ్రేడు 16.3 నుంచి 21.9 మధ్య ఉండాలి.

100 డిగ్రీలన్నది గమనించండి. బయట 43 ఉన్నా 23 ఉన్నా ఇంజిన్ వేడెక్కాక లోపలి ఆయిల్ ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. కూలెంట్ వేడిని ఒక హద్దులో నిలపడానికే థర్మోస్టాట్, రేడియేటర్, ఫ్యాన్ ఉన్నాయి. ఎండకు ఆయిల్ వేడి కొంత పెరిగే మాట నిజమే, ఆ లెక్క కూడా వేసుకునే కంపెనీ గ్రేడు రాస్తుంది. మారుతీ ఇప్పుడు చాలా పెట్రోల్ కార్లకు 0డబ్ల్యూ-16 చెబుతోంది. ఆ కార్లు అమ్మేది ఈ దేశపు ఎండల్లోనే కదా. ఫ్యాన్ తిరగకపోయినా, కూలెంట్ తగ్గినా బండి వేడెక్కుతుంది. దానికి మందు చిక్కటి ఆయిల్ కాదు.

పల్చన అంటే బలహీనం అనుకునేవాళ్లకు మన ఊరి మీదుగా పోయే విమానాలనే చూపిస్తాను. ప్యాసింజర్ విమానాల జెట్ ఇంజిన్లలో ఎక్కువగా వాడే ఆయిల్ 100 డిగ్రీల దగ్గర సుమారు 5 సెంటీస్టోక్స్. అంటే మన కార్లలో పోసే 30 గ్రేడులో సగం. నిజమే, అది వేరే రకం సింథటిక్ ఆయిల్. అక్కడ పిస్టన్లు లేవు, బేరింగులు బాల్, రోలర్ రకానివి. కారులో పోయడానికి పనికిరాదు. కానీ అంత వేగంతో తిరిగే ఇంజిన్‌కి ఎంత చిక్కదనం కావాలో దాని తయారీదారే లెక్క కట్టాడు, ఎయిర్‌పోర్ట్‌లో మరమ్మతు చేసేవాళ్లు ఆ లెక్క దాటరు. మన కారుకూ అంతే మర్యాద ఇవ్వాలి.

చిక్కటిది పోస్తే నష్టం ఎక్కడంటే, ముందు స్టార్టింగ్‌లో. తెల్లవారుజామున ఫ్లైటుకని బండి తీసినప్పుడు ఆయిల్ అంతా అడుగున సంపులో ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర కొలిస్తే 5డబ్ల్యూ-30 మామూలుగా 60, 70 సెంటీస్టోక్స్ ఉంటే, షెడ్లలో చెప్పే ట్వంటీ ఫిఫ్టీ, అంటే 20డబ్ల్యూ-50, దానికి రెట్టింపు దాటుతుంది. పైదాకా ఎక్కడానికి ఆలస్యం, ఆ కాసేపూ అరుగుదల. కొత్త ఇంజిన్లలో వాల్వ్ టైమింగ్ మార్చే భాగాలూ చైన్‌ని బిగువుగా పట్టే టెన్షనరూ ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తాయి. వాటి సన్నటి దారుల్లో చిక్కటి ఆయిల్ నెమ్మదిగా కదులుతుంది. మైలేజీ తగ్గడం సరేసరి. అలాగని పుస్తకం చెప్పినదానికంటే పల్చటిది పోయడం ఇంకా ప్రమాదం. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఫుల్ లోడుతో పోయేటప్పుడు బేరింగుల మధ్య పొర నిలవదు.

పాత బండి సంగతి వేరు. లక్షన్నర కిలోమీటర్లు దాటి ఆయిల్ తాగుతుంటే, పుస్తకంలోని ఉష్ణోగ్రతల పట్టిక చూడండి. చాలా పుస్తకాల్లో రెండు మూడు గ్రేడులకు అనుమతి ఉంటుంది, అందులో ఒక మెట్టు పైది పోయించుకోవచ్చు. నీలం పొగ వస్తూ ఇంజిన్ బోర్‌కి వచ్చిందంటే మాత్రం ఏ ఆయిలూ దాన్ని బాగుచేయదు. 2020 తర్వాతి బీఎస్-6 డీజిల్ బండ్లకు గ్రేడొక్కటే చాలదు. పొగగొట్టంలోని ఫిల్టర్ పూడకుండా బూడిద తక్కువ వచ్చే రకం కావాలి, దాని గుర్తు కూడా పుస్తకంలోనే ఉంటుంది.

నా దృష్టిలో మన ప్రాంతంలో గ్రేడు కంటే ఎక్కువ అన్యాయం జరిగేది ఆయిల్ మార్చే గడువుకి. ఎయిర్‌పోర్ట్ పార్కింగులో ఏసీ వేసుకుని గంటల తరబడి ఆగే క్యాబ్‌లో మీటరు తిరగదు, ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. కాలనీ నుంచి స్కూలుకీ, స్కూలు నుంచి కూరగాయలకీ రెండేసి కిలోమీటర్లు తిరిగే ఇంటి బండిలో ఆయిల్ పూర్తిగా వేడెక్కనే ఎక్కదు. లోపల చేరిన పెట్రోలూ తేమా ఆవిరైపోవు. ఇలాంటి వాడకానికి పుస్తకంలో వేరే గడువు రాసి ఉంటుంది. పదివేల కిలోమీటర్లు కాలేదు కదా అని ఏడాది దాటించకండి.

లెవెల్ మీరే చూసుకోండి. సమంగా ఉన్న చోట బండి ఆపి, పది నిమిషాలాగి, డిప్‌స్టిక్ లాగి గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. తడి రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటినా మంచిది కాదు. డబ్బా మీ కళ్ల ముందే సీలు తీయించండి. ఖాళీ అయ్యాక మేకుతో చిల్లు పొడిపించండి, మళ్లీ నకిలీ ఆయిల్ నింపి అమ్మేవాళ్ల చేతిలో పడకుండా.

మిగిలిన కారు ఆయిల్ బైకులో పోయొద్దు. గేర్ల బైకుల్లో క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, కారు ఆయిల్‌లోని కొన్ని రసాయనాలకు అది జారిపోతుంది. జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని రాసి ఉన్నదే తీసుకోండి.

పుస్తకం పోగొట్టుకున్నవాళ్లు బండి మోడల్, తయారైన ఏడాది, పెట్రోలా డీజిలా అన్నది రాసి పంపండి. కంపెనీ మాన్యువల్ చూసి వచ్చే ఉత్తరంలో జవాబిస్తాను.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి
శంషాబాద్